క్రోమియం నుంచి ఏటీపీ దాకా: రసాయనశాస్త్రం ఎందుకు కష్టమనిపిస్తుంది, దానికి పేరెందుకు రాదు?

ప్లస్ టూ ఫలితాలు వచ్చాక చెన్నైలోని తెలుగు ఇళ్ళలో ఏటా ఒకటే చర్చ. కెమిస్ట్రీలో తొంభై పైన తెచ్చుకున్న పిల్ల కూడా "నాకా సబ్జెక్టు అర్థం కాదు" అంటుంది. కోచింగ్ సెంటర్ వాళ్ళు మాత్రం అది స్కోరింగ్ సబ్జెక్టనీ, దిగులు పడాల్సింది ఫిజిక్స్ గురించేననీ చెబుతారు. బీఎస్సీ కెమిస్ట్రీలో చేరతానంటే మేనమామ "అది చదివి ఏం చేస్తావమ్మా, కంప్యూటర్స్ తీసుకో" అంటాడు.

ఈ మూడు మాటలకీ పొంతన కుదరదు. మార్కులు సులువుగా వచ్చే సబ్జెక్టు అర్థం కాకపోవడమేమిటి? మందులు, ఎరువులు, బ్యాటరీలు, తోలు, సబ్బు అన్నీ దాని చేతి మీదుగానే వస్తుంటే, దానికి ఫిజిక్స్‌కున్న గౌరవం గానీ బయాలజీకున్న ఆదరణ గానీ ఎందుకు లేదు?

రెండు ప్రశ్నలకూ వేరు ఒక్కటేనని నేననుకుంటున్నాను. రసాయనశాస్త్రం పని చేసేది చేతికి తగిలే పదార్థానికీ, ఎంత చూసినా కంటికి ఆనని అణువుకీ మధ్య. ఆ మధ్య దారిని బడిలో సరిగా చూపించడం లేదు. బడి బయట దాని ఫలితాలు వేరే పేర్లతో బజారుకొస్తున్నాయి. ఇందులో ఎంత శాస్త్రం స్వభావమో, ఎంత మన చదువుల తీరో విడదీసి చూద్దాం.

పరీక్షల్లో కెమిస్ట్రీకి ఉన్న చోటు

ముందు లెక్కలు. తమిళనాడు ఇంజనీరింగ్ ప్రవేశాల కటాఫ్ 200కి: మ్యాథ్స్ 100, ఫిజిక్స్ 50, కెమిస్ట్రీ 50. ఆంధ్ర, తెలంగాణ ఈఏపీసెట్ ఇంజనీరింగ్ పేపర్ 160కి: మ్యాథ్స్ 80, మిగతా రెండూ చెరి 40. నీట్ 720లో బయాలజీకి 360 పోగా కెమిస్ట్రీకి 180. జేఈఈ మెయిన్‌లో మాత్రం మూడింటికీ సమాన వాటా. అంటే చాలాచోట్ల కెమిస్ట్రీ నాలుగో వంతు.

నీట్ రాసే పిల్లల్ని అడిగితే భయం ఫిజిక్స్ అంటేనే అంటారు. జేఈఈ రాసేవాళ్ళు కెమిస్ట్రీని తొందరగా ముగించి, మిగిలిన టైమ్ మ్యాథ్స్‌కి దాచుకుంటారు. కాబట్టి అన్ని శాస్త్రాల్లోకీ కెమిస్ట్రీయే కష్టం అన్న మాట అందరి అనుభవం కాదు. ఈ సంగతి మొదటే ఒప్పుకోవాలి.

తేడా ఇంకోచోట ఉంది. ఫిజిక్స్‌లో అర్థం కాకపోతే ఆ సంగతి వెంటనే బయటపడుతుంది, లెక్క రాదు. కెమిస్ట్రీలో అర్థం కాకపోయినా బట్టీ కొట్టి నెట్టుకురావచ్చు. ఏ లవణానికి ఏ రంగు, ఏ చర్యకి ఏ ఉత్ప్రేరకం, ఏ రియాక్షన్‌కి ఎవరి పేరు అని పట్టికలు వల్లె వేస్తే మార్కులు పడతాయి. పరీక్ష అలా ఉన్నప్పుడు పాఠమూ అలాగే తయారవుతుంది. అర్థం కాలేదన్న సంగతి డిగ్రీలోనో, ఉద్యోగంలో మొదటిసారి ల్యాబ్‌లో నిలబడ్డప్పుడో తెలుస్తుంది. తొంభై పైన వచ్చిన పిల్ల అర్థం కాలేదంటే నమ్మాలి. ఆమె చెబుతున్నది నిజం.

ఒక బకెట్ బోరు నీళ్ళు, మూడు స్థాయులు

అర్థం కాని చోటు ఎక్కడో చూడాలంటే స్నానాల గదిలోకి వెళ్ళడం మేలు. చెన్నైలో చాలా పేటల్లో బోరు నీళ్ళు గట్టివి. వాటిలో ముంచి కాచే హీటర్ రాడ్డును కొన్ని వారాల తర్వాత చూడండి. చుట్టల మీద బూడిద రంగు కలిసిన తెల్లటి పొర పేరుకుని ఉంటుంది. వేలితో రుద్దితే రాదు. చెంచా కాడతో గీరితే పెంకులు పెంకులుగా ఊడుతుంది. ఆ పెంకును గిన్నెలో వేసి కాస్త వెనిగర్ పోస్తే, అంచుల వెంట చిన్న చిన్న బుడగలు వరస కట్టి, ఒక్కొక్కటే విడివడి పైకి తేలతాయి. కాసేపటికి పెంకు పలచబడి విరిగిపోతుంది.

కనిపించేది ఇంతే. ఇదే సంగతి రెండో స్థాయిలో, అంటే కణాల స్థాయిలో చెబితే: నేలలోని సున్నపురాయిని ఒరుసుకుంటూ వచ్చిన నీళ్ళలో కాల్షియం అయాన్లు, బైకార్బొనేట్ అయాన్లు (అయాన్ అంటే విద్యుదావేశం ఉన్న కణం) విడివిడిగా తిరుగుతుంటాయి. నీళ్ళు వేడెక్కినప్పుడు బైకార్బొనేట్ విడిపోయి కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. మిగిలిన కార్బొనేట్ కాల్షియంతో జతకట్టి, నీళ్ళలో కరగలేక రాడ్డును పట్టుకుంటుంది. వెనిగర్‌లోని ఆమ్లం తగిలితే ఆ కార్బొనేట్ మళ్ళీ కార్బన్ డయాక్సైడ్‌గా లేచిపోతుంది. గిన్నెలో కనిపించిన బుడగలు అవే.

మూడో స్థాయి గుర్తులది: ఒక కాల్షియం బైకార్బొనేట్ నుంచి ఒక కాల్షియం కార్బొనేట్, ఒక నీటి అణువు, ఒక కార్బన్ డయాక్సైడ్. దీనికి లెక్క కడదాం. తాగేనీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన గట్టిదనం పరిమితి లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీళ్ళు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటుంది. మన బకెట్‌లో 15 లీటర్ల నీళ్ళున్నాయనీ, కాచినప్పుడు దిగేది లీటరుకు 300 మిల్లీగ్రాములనీ అనుకుందాం. మొత్తం 4.5 గ్రాములు. కాల్షియం కార్బొనేట్ ఒక మోల్ బరువు 100 గ్రాములు, కాబట్టి ఇది 0.045 మోల్. ఒక మోల్‌లో 6.022×10²³ కణాలు ఉంటాయి. అంటే ఒక్క బకెట్‌లో కాల్షియం అయాన్లు సుమారు 2.7×10²². నిజానికి అదంతా ఒక్కసారి కాచితే దిగదు, చాలా భాగం నీళ్ళలోనే ఉండిపోతుంది. రాడ్డు మీద పొర పట్టడానికి వారాలు పట్టేది అందుకే.

స్కాట్లండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పనిచేసిన అలెక్స్ జాన్‌స్టన్ 1991లో ఈ మూడు స్థాయుల్నీ ఒక త్రిభుజంగా గీసి చూపారు. ఆయన వాదన సూటిగానే ఉంటుంది. మనిషి బుర్ర ఒకేసారి పట్టుకోగలిగిన కొత్త సంగతులు కొన్నే. కెమిస్ట్రీ మాస్టారు బోర్డు మీద ఒక సమీకరణం రాస్తూ, నోటితో అయాన్ల గురించి చెబుతూ, చేత్తో పరీక్షనాళిక ఊపుతుంటే ఆయన బుర్రలో మూడూ ఒకటిగానే ఉంటాయి. బెంచీ మీద కూర్చున్న పిల్లకి అవి మూడు వేర్వేరు కథలు. ఆమెకి దొరికేది చివరికి బోర్డు మీది రాత ఒక్కటే, ఎందుకంటే నోట్సులోకి ఎక్కేది అదే.

ఈ త్రిభుజాన్ని అందరూ యథాతథంగా ఒప్పుకోరు. గుర్తులు అసలు ఒక స్థాయే కాదనీ, మిగతా రెండింటి గురించీ మాట్లాడుకునే భాష మాత్రమేననీ కొందరు కెమిస్ట్రీ విద్యా పరిశోధకులు అంటారు. ఆ మాటలో బలం ఉంది. అయినా తరగతిలో జరిగేది మారదు. భాష ఒక్కటే నేర్పి, అది దేని గురించో చూపించకపోతే ఫలితం అదే.

న్యూజిలాండ్‌లో ఆస్‌బోర్న్, కాస్‌గ్రోవ్ 1983లో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతిని చక్కగా బయటపెట్టింది. మరిగే నీళ్ళలో పైకొచ్చే పెద్ద బుడగల్లో ఏముంటుందని పిల్లల్ని అడిగారు. గాలి అన్నవాళ్ళున్నారు, వేడి అన్నవాళ్ళున్నారు. హైడ్రోజన్, ఆక్సిజన్ అని చెప్పినవాళ్ళలో పెద్ద తరగతుల పిల్లలూ ఉన్నారు. సరైన జవాబు నీటి ఆవిరి. నీటి ఫార్ములా నేర్చుకున్న పిల్ల ఆ ఫార్ములా చూసే ఇలా జవాబు చెప్పింది: నీళ్ళలో హైడ్రోజన్, ఆక్సిజన్ ఉన్నాయి కదా, మరిగితే అవే విడిపోయి వస్తాయి! గుర్తులు వచ్చిన కొద్దీ అర్థం వస్తుందనుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది.

నియమం చెప్పిన మర్నాడే మినహాయింపు

పిల్లల రెండో ఫిర్యాదు: "రూల్ చెబుతారు, మళ్ళీ ఇక్కడ వర్తించదంటారు." క్రోమియం దీనికి పేరు మోసిన ఉదాహరణ. ఎలక్ట్రాన్లు తక్కువ శక్తి ఉన్న ఆర్బిటాల్ (పరమాణువులో ఎలక్ట్రాన్లు ఉండే చోటు; 3డీ, 4ఎస్ అలాంటివాటి పేర్లు) నుంచి వరసగా నిండుతాయని ముందు చెబుతారు. ఆ లెక్కన క్రోమియంకి 3డీలో నాలుగు, 4ఎస్‌లో రెండు ఉండాలి. ఉన్నవి 3డీలో అయిదు, 4ఎస్‌లో ఒకటి. సగం నిండిన డీ ఆర్బిటాళ్ళు స్థిరంగా ఉంటాయని కారణం చెబుతారు. పిల్లలు రాసుకుంటారు, మార్కు వస్తుంది.

అదే గ్రూపులో కిందికి దిగండి. మాలిబ్డినం కూడా అలాగే అయిదు, ఒకటి. కారణం బలపడినట్టే ఉంది. ఇంకో మెట్టు దిగితే టంగ్‌స్టన్: 5డీలో నాలుగు, 6ఎస్‌లో రెండు! సగం నిండితే స్థిరం అన్న సూత్రమే సర్వస్వమైతే టంగ్‌స్టన్ ఇలా ఉండకూడదు. అసలు సంగతేమిటంటే ఎస్, డీ ఆర్బిటాళ్ళ శక్తులు ఇక్కడ చాలా దగ్గరగా ఉంటాయి. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి నెట్టుకోవడం, ఒకే దిశలో స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్లకు దక్కే కాస్త లాభం, బరువైన పరమాణువుల్లో ఎలక్ట్రాన్ వేగం వల్ల వచ్చే మార్పులు అన్నీ కలిసి ముల్లును ఎటు మొగ్గిస్తే అటు. "సగం నిండితే స్థిరం" అన్నది ఆ పెద్ద లెక్కలోంచి తీసిన చిన్న ముక్క.

నీళ్ళనే తీసుకోండి. ఆక్సిజన్ గ్రూపులోని మూలకాలు హైడ్రోజన్‌తో కలిసి ఏర్పడే హైడ్రైడ్లు మరిగే ఉష్ణోగ్రతలు కింది నుంచి పైకి చూస్తే: టెల్లూరియంది సుమారు మైనస్ 2 డిగ్రీలు, సెలీనియంది మైనస్ 41, గంధకంది మైనస్ 60. ఈ వరస చూసి నీళ్ళు మైనస్ 70, 80 దగ్గర మరగాలని ఎవరైనా అంటారు. మరిగేది 100 దగ్గర. ఇక్కడ మినహాయింపనేది అసలు లేదు. ఆ వరసకి కారణం ఒక రకం ఆకర్షణ, నీళ్ళలో దాన్ని మించిన హైడ్రోజన్ బంధం వచ్చి చేరింది. రెండు బలాలూ మొదటి నుంచీ ఉన్నాయి, పాఠం మాత్రం ఒకదాన్నే చెప్పింది.

ఇంత తలనొప్పి ఎందుకు, వీటన్నిటికీ మూలమైన క్వాంటం సమీకరణమే నేర్పొచ్చుగా అనిపిస్తుంది. 1929లో పాల్ డిరాక్ రాసిందీ దీని గురించే: కెమిస్ట్రీ మొత్తానికి కావలసిన భౌతిక నియమాలు దొరికిపోయాయి, చిక్కల్లా వాటి సమీకరణాలు సాధించడానికి వీల్లేనంత జటిలంగా ఉండటమేనని ఆయన తేల్చారు. కెమిస్ట్రీ అంటే ఫిజిక్స్‌లో ఒక భాగమే అనేవాళ్ళకి ఇది ఆధారం. 1972లో ఫిలిప్ ఆండర్సన్, ఆయనా ఫిజిక్స్ మనిషే, దీనికి బదులు చెప్పారు. కింది నియమాలు తెలిసినంత మాత్రాన పైస్థాయిలో జరిగేదాన్ని అక్కడి నుంచి కట్టుకుంటూ రాలేమనీ, ప్రతి స్థాయికీ దాని సొంత నియమాలు కావాలనీ ఆయన వాదన. నాకు ఆండర్సన్ మాటే సరైనదనిపిస్తుంది. హీటర్ రాడ్డు మీది పొర గురించి తెలుసుకోవడానికి ఎవరూ క్వాంటం సమీకరణం సాధించరు. ఆమ్లం, క్షారం, కరగడం, అవక్షేపం అన్న మాటలతోనే ఆలోచిస్తారు. వాటి హద్దులు ఎక్కడున్నాయో మొదటి రోజే చెబితే పిల్లలకి మోసపోయినట్టనిపించదు. ఆమ్లానికి అర్హీనియస్ నిర్వచనం, 1923లో వచ్చిన బ్రాన్‌స్టెడ్–లౌరీ నిర్వచనం, అదే ఏడాది లూయిస్ ఇచ్చిన ఇంకో నిర్వచనం ఒకదాన్నొకటి కొట్టేసినవి కావు, ఒకదానికన్నా ఒకటి ఎక్కువ మేర వర్తించేవి. ఈ ముక్క చెప్పకుండా మూడింటినీ వేర్వేరు పాఠాల్లో పెడుతున్నాం.

ఒకే అణువు, రెండు క్లాసులు

బైపీసీ పిల్లలకి ఎదురయ్యే చిక్కు ఇంకాస్త లోతైనది. బయాలజీ క్లాసులో, కణాలకి శక్తినందించే అణువైన ఏటీపీలో అధిక శక్తి బంధం ఉంటుందనీ, అది తెగితే శక్తి విడుదలవుతుందనీ చెబుతారు. మధ్యాహ్నం కెమిస్ట్రీ క్లాసులో ఏ బంధం తెంచాలన్నా శక్తి పెట్టాల్సిందేనంటారు. ఏది నిజం?

చిన్న లెక్కతో మొదలుపెడదాం. హైడ్రోజన్, క్లోరిన్ కలిసి హైడ్రోజన్ క్లోరైడ్ అవుతాయి. ఒక మోల్ హైడ్రోజన్ అణువుల్లోని బంధాలు తెంచడానికి 436 కిలోజౌళ్ళు, ఒక మోల్ క్లోరిన్ అణువుల్లోని బంధాలకి 242. మొత్తం ఖర్చు 678. కొత్తగా రెండు మోల్‌ల హైడ్రోజన్ క్లోరైడ్ బంధాలు ఏర్పడితే ఒక్కోదానికి 431 చొప్పున వచ్చేది 862. మిగులు 184 కిలోజౌళ్ళు, అదే వేడిగా బయటికొస్తుంది. తెంచడానికి ఎప్పుడూ ఖర్చే. అతుక్కున్న రెండు అయస్కాంతాల్ని విడదీయాలంటే లాగాలి, అతుక్కునేటప్పుడే టక్కుమంటాయి.

ఏటీపీ కూడా ఇంతే. దాని చివర మూడు ఫాస్ఫేట్ గుంపులు రుణావేశాలతో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి. నీటితో చర్య జరిగినప్పుడు ఒక బంధం తెగుతుంది, దానికి ఖర్చవుతుంది. కానీ కొత్త బంధాలు ఏర్పడతాయి, నెట్టుకోవడం తగ్గుతుంది, విడివడ్డ ముక్కల చుట్టూ నీటి అణువులు చేరతాయి. వచ్చేదాంట్లోంచి ఖర్చు తీసేస్తే ప్రామాణిక పరిస్థితుల్లో మోల్‌కి సుమారు 30.5 కిలోజౌళ్ళ లాభం. బయాలజీ మాస్టారు చివరి మిగులు చెప్పారు, కెమిస్ట్రీ మాస్టారు మధ్యలోని ఖర్చు చెప్పారు. ఇద్దరూ ఒక్కసారి కలిసి కూర్చుంటే పిల్లలకి ఈ గందరగోళమే ఉండదు.

ఈ ఏటీపీతో మనకి చుట్టరికం ఉంది. దాన్ని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాల్లోంచి వేరుచేసి చూపినవారు యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు వైద్యం చదివింది ఇక్కడే, మద్రాసు మెడికల్ కాలేజీలో. ఖద్దరు వేసుకున్నందుకు ఆయనకి ఎంబీబీఎస్ దక్కలేదు, తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ డిగ్రీ ఇచ్చి పంపారు. అమెరికాలో ఆయన నడిపిన పరిశోధక బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసే మార్గం కనిపెట్టింది. ఆ అణువులో చిన్న మార్పు చేస్తే అది కేన్సర్ కణాన్ని మోసం చేస్తుందన్న దారిలో అమైనోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చాయి. బోదకాలుకి వాడే డైఇథైల్ కార్బమజైన్ కూడా ఆ బృందానిదే. 1948లో ఆయన పోయారు.

పేరు ఎవరికి పోతోంది?

మెథోట్రెక్సేట్ ఇవాళ కీళ్ళవాతానికీ వాడతారు. చెన్నైలో ఆ మాత్ర వేసుకునే తెలుగువాళ్ళలో ఎంతమందికి సుబ్బారావు పేరు తెలుసు? మందు డాక్టరు రాస్తారు, పేరు వైద్యానికి పోతుంది. ఇది ఒక్క ఆయన కథ కాదు. 2023లో వైద్యశాస్త్ర నోబెల్ తెచ్చిన ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల వెనక ఉన్న కీలకం యూరిడిన్ అన్న ముక్క స్థానంలో దాని మార్చిన రూపాన్ని పెట్టడం. అది అచ్చంగా రసాయన ఆలోచన. లిథియం అయాన్ బ్యాటరీకి 2019లో కెమిస్ట్రీ నోబెలే వచ్చింది, కానీ ఫోన్ చేతిలో ఉన్నవాడు దాన్ని టెక్నాలజీ అంటాడు. అలాగే చెన్నై మణలిలో తయారయ్యే యూరియా వ్యవసాయం ఖాతాలోకి పోతుంది. గాలిలోని నైట్రోజన్ అణువు బంధం మోల్‌కి సుమారు 945 కిలోజౌళ్ళంత గట్టిది. దాన్ని విప్పి అమ్మోనియా చేయవచ్చని ఫ్రిట్జ్ హాబర్ 1909లో చూపారు, 1913లో జర్మనీలోని ఒప్పావులో కార్ఖానా నడిచింది. ఇవాళ మనుషుల ఒంట్లోని నైట్రోజన్‌లో దాదాపు సగం ఆ పద్ధతి గుండా వచ్చిందేనని అంచనా. మనం తిన్న అన్నం లోపలికే వచ్చిన శాస్త్రం ఇది.

ఎదురు దిక్కు నుంచి కూడా ఒక వాదన ఉంది: కెమిస్ట్రీ నోబెల్‌ని బయాలజీకి ఇచ్చేస్తున్నారని. చిదంబరంలో పుట్టి, ఫిజిక్స్‌లో డాక్టరేట్ చేసిన వెంకట్రామన్ రామకృష్ణన్‌కి 2009లో, కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ నిర్మాణానికి వచ్చింది కెమిస్ట్రీ బహుమతి. 2024లో ప్రోటీన్ల ఆకృతిని కంప్యూటర్‌తో అంచనా వేసినవారికీ, కొత్త ప్రోటీన్లు రూపొందించినవారికీ వచ్చిందీ అదే. కొందరు రసాయన శాస్త్రవేత్తలకి ఇది బాధ. ఇంకొందరికి గర్వం, జీవం కూడా అణువుల పనేనని తేలుతోంది కదా అని. నేను రెండోవారి పక్షం. అయితే ఒక నష్టం మాత్రం ఒప్పుకోవాలి. విశ్వం ఎలా పుట్టింది, మనిషి ఎక్కడి నుంచి వచ్చాడు అన్నంత సూటిగా పిల్లల్ని లాగే ప్రశ్న కెమిస్ట్రీ పాఠంలో కనిపించదు. ప్రాణం లేని అణువుల్లోంచి ప్రాణం ఎలా వచ్చిందన్నది పూర్తిగా కెమిస్ట్రీ ప్రశ్నే, దాన్ని మన పుస్తకాలు బయాలజీలో పెట్టాయి.

ఆదరణ నిజంగానే తక్కువా?

అన్ని చోట్లా కాదు. బెంగళూరులో పుట్టిన రసాయన శాస్త్రవేత్త సీఎన్ఆర్ రావుకి 2014లో భారతరత్న వచ్చింది. హైదరాబాద్ మందుల పరిశ్రమ కెమిస్టుల మీదే నిలబడింది. చెన్నై అడయార్‌లోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థని 1958 నుంచి నడిపిన యలవర్తి నాయుడమ్మ తెనాలి ప్రాంతం నుంచి వచ్చినవారు. ల్యాబ్‌లో కనుక్కున్నది తోళ్ళ కార్మికుడి దాకా వెళ్ళాలని పట్టుబట్టి పనిచేశారు. 1985లో కనిష్క విమానం పేలుడులో ఆయన పోయారు. కాబట్టి మేనమామ అడిగిన "ఏం చేస్తావమ్మా" అన్న ప్రశ్నకి జవాబు లేకపోలేదు. బీఎస్సీతోనే మంచి జీతం రావడం కష్టమన్న మాటలో మాత్రం నిజం ఉంది. పీజీయో, పరిశోధనో దాకా వెళ్ళాలి, అంతకాలం ఆగే వెసులుబాటు అన్ని ఇళ్ళకీ ఉండదు.

క్రోమ్‌పేట, రాణిపేట: ఒకే మూలకం, రెండు ముఖాలు

ఇక భయం సంగతి. భోపాల్ 1984, విశాఖ వెంకటాపురంలో 2020 మే 7న స్టైరీన్ లీకు, ఇవన్నీ మరిచిపోయేవి కావు. కెమిస్టులు దీనికి ఇచ్చే మామూలు జవాబు "నీళ్ళు కూడా రసాయనమే" అని. మాట నిజమే, కానీ ఇంటి పక్కన కార్ఖానా ఉన్న మనిషికి అది జవాబు కాదు. ఆయన అడిగేది ఏ పదార్థం, ఎంత, ఏ రూపంలో తన బావిలోకి వస్తోందని. కెమిస్ట్రీ ఈ మూడు ప్రశ్నలకే అందరికన్నా బాగా జవాబు చెప్పగలదు. ఉదాహరణ మన దగ్గరే ఉంది.

చెన్నై దక్షిణాన ఉన్న క్రోమ్‌పేటకి ఆ పేరు అక్కడి పాత క్రోమ్ తోలు ఫ్యాక్టరీ వల్ల వచ్చింది. పచ్చి తోలులో ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీన్ 60, 65 డిగ్రీల వేడికే ముడుచుకుపోతుంది. క్రోమియం-3 (మూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న క్రోమియం) లవణంలో నానబెడితే, ఆ క్రోమియం కొల్లాజెన్ పోగుల్లోని ఆమ్ల గుంపుల్ని పట్టుకుని పక్క పక్క పోగుల్ని కుట్టేస్తుంది. తోలు లేత నీలం రంగుకి తిరుగుతుంది, 100 డిగ్రీలు దాటినా ముడుచుకోదు.

అదే క్రోమియం ఇంకో మూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటే క్రోమియం-6. ప్లస్ టూ ల్యాబ్‌లో నారింజ రంగు స్ఫటికాలుగా సీసాలో ఉండే పొటాషియం డైక్రోమేట్ అదే. నీళ్ళలో అది ఏర్పరచే క్రోమేట్ అయాన్ ఆకారంలో సల్ఫేట్‌ని పోలి ఉంటుంది. కణం పొరలో సల్ఫేట్ కోసం ఉన్న దారిగుండా లోపలికి దూరి, డీఎన్ఏ దాకా వెళ్ళి చెరుపు చేస్తుంది, కేన్సర్ తెస్తుంది. క్రోమియం-3కి ఆ దారి అంత తేలిగ్గా తెరుచుకోదు. తాగేనీటిలో మొత్తం క్రోమియంకి భారత పరిమితి లీటరుకు 0.05 మిల్లీగ్రాములు. చెన్నైకి పశ్చిమాన రాణిపేటలో మూతపడ్డ ఒక కార్ఖానా ఆవరణలో క్రోమియం-6 వ్యర్థాలు గుట్టలుగా మిగిలి, భూగర్భజలంలోకి దిగాయి. పాలారు పరీవాహకంలో తోళ్ళ శుద్ధి కార్ఖానాలు చేసిన నష్టం మీద 1996లో సుప్రీంకోర్టు తీర్పిస్తూ, పాడుచేసినవాళ్ళే బాగుచేసే ఖర్చు భరించాలంది. కనుక "క్రోమియం విషమా?" అంటే ఏ క్రోమియం అని తిరిగి అడగాలి. తోలులో ఉన్నది భద్రమని వదిలేయడానికీ లేదు. తోలు చెత్తని తగలబెట్టినా, మట్టిలో మాంగనీస్ ఆక్సైడ్లు ఉన్నా క్రోమియం-3లో కొంత తిరిగి క్రోమియం-6 కావచ్చు.

దీన్ని తిప్పే దారి ప్లస్ టూ పుస్తకంలోనే ఉంది. ఆమ్లంలో ఒక డైక్రోమేట్ అయాన్ ఆరు ఫెర్రస్ (ఇనుము) అయాన్లతో కలిస్తే రెండు క్రోమియం-3, ఆరు ఫెర్రిక్ అయాన్లు. పరీక్షనాళికలో నారింజ రంగు పోయి ఆకుపచ్చ తిరుగుతుంది. పిల్లలు దీన్ని "ఆరెంజ్ టు గ్రీన్" అని బట్టీ పడతారు. కలుషితమైన నీటిని శుభ్రం చేయడానికి ఫెర్రస్ సల్ఫేట్ కలిపేది ఇదే లెక్కతో. నేలలో అంత ఆమ్లం ఉండదు, చర్య కాస్త వేరుగా జరుగుతుంది, కానీ ఒక క్రోమియంకి మూడు ఇనుములన్న నిష్పత్తి మారదు. క్రోమియం 52 గ్రాములకి, స్ఫటిక ఫెర్రస్ సల్ఫేట్ 278 గ్రాముల మోల్‌లు మూడు, అంటే 834 గ్రాములు. ఒక గ్రాము క్రోమియం-6కి సుమారు 16 గ్రాములు. ఆచరణలో ఇంకా ఎక్కువే పోయాలి, గాలిలోని ఆక్సిజన్ కొంత ఇనుమును తినేస్తుంది. తర్వాత సున్నం కలిపి క్రోమియం-3ని హైడ్రాక్సైడ్‌గా అడుగుకి దించుతారు. ఆ బురదను ఎండి దుమ్ముగా లేవకుండా కప్పి ఉంచాలి, చుట్టూ ఉన్న బావుల్లో క్రోమియం-6 ఎంతుందో ఏళ్ళ తరబడి కొలుస్తూనే ఉండాలి.